2007 నాటి బ్లాగ్‌స్పాట్ బ్లాగుని వర్డ్‌ప్రెస్‌కి మార్చాలి: లింకులు, పాత ఫాంటు టపాలు ఏం చేయాలి?

పాతటపా
612 టపాలు, నాలుగు వేల పైన వ్యాఖ్యలు ఉన్న బ్లాగు. సొంత డొమైన్ లేదు. హోస్టింగ్ తీసుకుని వర్డ్‌ప్రెస్‌లోకి తేవాలి. ఇబ్బందులు మూడు. చిరునామాలన్నీ బ్లాగ్-పోస్ట్_17 వరసలో ఉన్నాయి. తొలి రెండేళ్ల టపాల్లో పత్రికల నుంచి ఎత్తిపెట్టిన పేరాలు గజిబిజిగా కనిపిస్తున్నాయి. సైడ్‌బార్ నిండా కూడలి, జల్లెడ, హారం (తెలుగు బ్లాగుల కొత్త టపాలని ఒకచోట చూపే సైట్లు) లోగోలు, సందర్శకుల లెక్కల కోడ్లు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సర్వర్‌గది
ముందు ఎగుమతి. బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ తీసి, దిగిన ఫైల్లో 612 టపాలూ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. అందులో బొమ్మలుండవు, వాటి చిరునామాలే ఉంటాయి. దిగుమతి అయ్యాక ఏదైనా పాత టపాలో బొమ్మ చిరునామా చూడండి. ఇంకా గూగుల్ సర్వరు పేరే కనిపిస్తే బొమ్మ మీ హోస్టింగ్‌కి రానట్టే. విడిగా దించుకునేటప్పుడు చిరునామా మధ్యలో ఉండే ఎస్320, ఎస్400 లాంటి ముక్కని ఎస్0 చేయండి, వాళ్ల దగ్గరున్న పెద్ద సైజు వస్తుంది. ఇది మర్చిపోతే తపాలా బిళ్లంత బొమ్మలే శాశ్వతం.

ఇక లింకులు. బ్లాగర్ శీర్షికలోని ఇంగ్లిషు అక్షరాలనే చిరునామాకి తీసుకుంటుంది. శీర్షిక మొత్తం తెలుగైతే తీసుకోడానికి ఏమీ ఉండదు, అందుకే ఆ బ్లాగ్-పోస్ట్ గోల. వర్డ్‌ప్రెస్ పెర్మాలింకుని (టపా శాశ్వత చిరునామా రూపాన్ని) సంవత్సరం/నెల/పేరు.హెచ్‌టీఎంఎల్ అని పెట్టేస్తే పాత లింకులు వాటంతటవే పనిచేస్తాయని అక్కడక్కడ రాస్తుంటారు. ఇంగ్లిషు బ్లాగుకి సరే, మనకి కుదరదు. బ్లాగర్‌లో ఒక పేరు ఒకే నెలలో రెండుసార్లు రాకపోతే చాలు. 2008 మార్చిలోనూ బ్లాగ్-పోస్ట్ ఉంటుంది, ఏప్రిల్లోనూ ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో టపాలన్నిటికీ కలిపి ఆ పేరు ఒక్కసారే. రెండోదాని చివర -2 తగిలిస్తుంది, మూడోదానికి -3, పాత లింకులు తెగుతాయి.

కాబట్టి దారిమళ్లింపు పట్టిక తప్పదు. బ్లాగర్ ఇంపోర్టర్ ప్లగిన్ ప్రతి టపా పాత దారినీ బ్లాగర్_పెర్మాలింక్ అనే కస్టమ్ ఫీల్డులో దాచిపెడుతుంది. డేటాబేసులో ఈ ఫీల్డులుండే పోస్ట్‌మెటా టేబుల్లోంచి ఆ వరసలు లాగి, ఎడమవైపు పాత దారి (సంవత్సరం, నెలతో సహా), కుడివైపు కొత్త దారి పెట్టి, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టిక ఫైలుగా) రీడైరెక్షన్ ప్లగిన్‌లోకి 301, అంటే శాశ్వత మళ్లింపు, కింద ఎక్కించండి.

అచ్చుహల్లు
ఈ పని ఎలాగూ చేస్తున్నారు కాబట్టి చెప్తున్నా, కొత్త చిరునామాలు తెలుగులో పెట్టకండి. తెలుగు మీద ప్రేమ లేక కాదు, లెక్క కుదరక. తెలుగు లిపిలో ప్రతి కోడూ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక్కో కోడు) యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్‌ని బైట్లుగా దాచే పద్ధతిలో, 3 బైట్లు. చిరునామాలో ఒక్కో బైటూ % గుర్తు, రెండు అంకెలుగా మారి 3 స్థానాలు తింటుంది. అంటే ఒక్కో కోడుకి 9. వర్డ్‌ప్రెస్‌లో టపా పేరుకిచ్చిన చోటు 200, కాబట్టి పట్టేవి 22 కోడ్లు.

"స్వాతంత్ర్యం" తీసుకోండి: స, పొల్లు, వ, దీర్ఘం, త, సున్నా, త, పొల్లు, ర, పొల్లు, య, సున్నా. పన్నెండు. ఒక్క మాటకే 108 స్థానాలు అయిపోయాయి. పక్కన "తర్వాత" చేరిస్తే 163. మూడో మాట నాలుగో కోడు దగ్గర తెగుతుంది, అది ఒత్తు మధ్యలో పడితే చివర పొల్లు వేలాడుతుంది. పైగా ఆ లింకుని వాట్సాప్‌లోనో మెయిల్లోనో అతికిస్తే చాలాసార్లు మూడు లైన్ల శాతాల దండ వస్తుంది. టపా రాస్తున్నప్పుడే స్లగ్ (చిరునామాలో టపా పేరు) గడిలో రెండు మూడు మాటలు ఇంగ్లిషు లిపిలో కొట్టేయడం మేలు.

పాతటపా
అర్థమైంది. ఈ పట్టిక కొత్త సర్వరులో కదా ఉండేది, బ్లాగ్‌స్పాట్ చిరునామాకి వచ్చినవాళ్లు అక్కడిదాకా ఎలా చేరతారు?

గట్టుమీద
రెండు దారులు. మొదటిది: ముందు సొంత డొమైన్ కొని దాన్ని బ్లాగర్‌కే తగిలించండి. డొమైన్ సెట్టింగుల్లో సీనేమ్ రికార్డు (ఈ పేరు ఏ సర్వరుకి వెళ్లాలో చెప్పే వరస) గూగుల్ చెప్పిన చిరునామాకి పెడితే, బ్లాగ్‌స్పాట్ లింకులన్నిటినీ బ్లాగరే 301తో మీ డొమైన్‌కి పంపుతుంది. రెండు మూడు నెలలు అలా ఉంచి, వెతుకులాటలో కొత్త డొమైన్ కనిపించడం మొదలయ్యాక డొమైన్‌ని హోస్టింగ్‌కి తిప్పండి. ఆ తర్వాతి మళ్లింపులు పై పట్టిక చూసుకుంటుంది.

సర్వర్‌గది
అందులో ఒక మెలిక ఉందండీ. డొమైన్ గూగుల్ సర్వర్ల నుంచి బయటికెళ్లాక బ్లాగ్‌స్పాట్ లింకు నొక్కినవాళ్లకి "ఈ బ్లాగు బ్లాగర్‌లో లేదు, వెళ్తారా?" అనే అర్థంలో మధ్యలో ఒక పేజీ అడ్డొస్తుంది. కొందరు భయపడి వెనక్కెళ్తారు. నేనైతే రెండో దారే ఎంచుకుంటాను: బ్లాగర్ థీమ్ హెడ్ భాగంలో రెండు లైన్ల జావాస్క్రిప్ట్ పెట్టి, పేజీ దారిని మాత్రం తీసుకుని కొత్త డొమైన్‌కి అతికించి పంపడం. మొబైల్లో థీమ్ వేరుగా ఉంటే ఇది నడవదు, మొబైల్‌కీ డెస్క్‌టాప్ థీమే ఎంచుకోండి. చిరునామా చివర వచ్చే ?ఎమ్=1 తోకని కత్తిరించి పంపండి. బ్లాగర్ సెట్టింగుల్లో ఫీడ్‌కి (రీడర్లకి కొత్త టపాలు అందించే లింకుకి) విడిగా మళ్లింపు గడి ఉంది, అక్కడ కొత్త ఫీడ్ చిరునామా పెడితే రీడర్లలో చదివేవాళ్లు జారిపోరు.

గట్టుమీద
ఒప్పుకుంటాను, కానీ జావాస్క్రిప్ట్ మళ్లింపు సెర్చ్ ఇంజన్లకి 301 అంత గట్టి మాట కాదు. పాఠకులు ముఖ్యమైతే మీ దారి, వెతుకులాట ముఖ్యమైతే నాది.

ఏ దారైనా టపాల లోపలి లింకులు ఒకసారి వెతకండి. 2012 నుంచి కొన్నేళ్లు గూగుల్ మన దేశంలో బ్లాగులని బ్లాగ్‌స్పాట్.ఇన్ మీద చూపించింది. ఆ రోజుల్లో అడ్రస్ బార్ నుంచి కాపీ చేసిన లింకులన్నీ .ఇన్‌తోనే ఉంటాయి. 2020లో ఆ డొమైన్ గూగుల్ చేతిలోంచి జారిపోయింది. ఇప్పుడు ఆ లింకు నొక్కితే మీ పాత టపా రాదు. డేటాబేసులో .ఇన్ అని ఉన్నవన్నీ .కామ్ చేసి, తర్వాత కొత్త చిరునామాకి మార్చండి. వ్యాఖ్యల టేబుల్ కూడా చూడండి, చాలామంది అది వదిలేస్తారు.

నీలిసిరా
గజిబిజి పేరాల సంగతి. అది రెండు రకాలు, ఏదో తేల్చుకోకుండా చెయ్యి పెడితే ఉన్నదీ పోతుంది.

ఒకటి, గీత పెట్టిన ఇంగ్లిషు చిన్న ఏ అక్షరం (à), దాని పక్కన ° గానీ ± గానీ, మళ్లీ అదే వరస. ఇది నిజానికి యూనికోడ్ తెలుగే. మన అక్షరాల మొదటి రెండు బైట్లు ఎప్పుడూ ఆ రెండు జతల్లో ఒకటి, లాటిన్-1గా (పాత ఐరోపా అక్షరాల కోడుగా) చదివితే అలా కనిపిస్తాయి. డేటాబేసు కాలమ్‌ని ముందు బ్లాబ్‌గా (ఉత్త బైట్లుగా), తర్వాత యూటీఎఫ్8ఎంబీ4గా మారిస్తే తెలుగు తిరిగొస్తుంది. నేరుగా ఒకే అడుగులో మారిస్తే పాడైన రూపమే ఖాయమవుతుంది. వరసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం బైట్లే పోయాయి, బ్యాకప్ తప్ప దిక్కులేదు.

రెండోది, మీది బహుశా ఇదే: పత్రికల సొంత ఫాంటు కోడు. ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు ముక్కలు గీసిన ఫాంటు అది, ఆ ఫాంటు లేకపోతే పిచ్చి అక్షరాలే. వీటికి ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో పద్మ పొడిగింత ఉండేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 నుంచి ఆ కాలపు పొడిగింతలు పనిచేయవు కాబట్టి ఆన్‌లైన్ మార్పిడి పరికరాలే గతి. ఒక్కో పత్రికది ఒక్కో కోడు. హెచ్‌టీఎంఎల్ చూపు తెరిచి ఫాంట్ ట్యాగులో పేరు చదివి, దానికి తగ్గ మార్పిడే వాడండి. మార్చాక ఒత్తులూ గుణింతాలూ కంటితో చూడాల్సిందే. ఆ ఫాంట్లు ముక్కలని కంటికి కనిపించే వరసలో పెడతాయి, యూనికోడ్ పలికే వరసలో పెడుతుంది. తప్పులన్నీ ఆ తిరగేతలోనే పుడతాయి, ముఖ్యంగా ర ఒత్తు దగ్గర.

అచ్చుహల్లు
ఇంకో రెండు. "ఫైర్‌ఫాక్స్" లాంటి మాటల్లో ర్, ఫా కలవకుండా మధ్యలో కనిపించని కోడు ఒకటి ఉంటుంది. వర్డ్‌ప్రెస్ వెతుకుడు అక్షరానికి అక్షరం పోల్చుతుంది, అది లేకుండా కొడితే టపా దొరకదు. అలాగే ఐత్వం: ఒకే కోడుగానూ ఉండొచ్చు, ఎత్వం, ఐత్వపు కింది గుర్తు అని రెండుగానూ ఉండొచ్చు, కంటికి తేడా లేదు. దిగుమతికి ముందే ఫైలు మొత్తాన్ని ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి జంట కోడ్లని ఒకే కోడుగా కలిపే యూనికోడ్ రూపం) మార్చండి. ఇది ఐత్వాన్ని సరిచేస్తుంది, ఆ కనిపించని కోడుని ముట్టుకోదు.

థీమ్‌లో లైన్-హైట్ 1.7 దాకా పెంచండి, ఒత్తు మీద ఒత్తు పడితే కింది లైను గుడిని తగులుతుంది. లెటర్-స్పేసింగ్ సున్నా. మొదటి అక్షరం పెద్దగా చూపే అలంకారం ఉంటే తీసేయండి, పేరా "స్త్రీ"తో మొదలైతే పాత బ్రౌజర్లు స్ ఒక్కదాన్నే పెద్దది చేస్తాయి. మల్లన్న, సురన్న లాంటి ఫాంట్లు ఒకే మందంలో దొరుకుతాయి, బోల్డ్ చేస్తే బ్రౌజర్ తనే సిరా పులుముతుంది. శీర్షికకి రామభద్ర, టపా లోపలి రాతకి నోటో సాన్స్ తెలుగు పెట్టుకోండి.

సర్వర్‌గది
సైడ్‌బార్ కోడ్లు ఒక్కటీ తేవద్దు. మూతపడ్డ సైటు డొమైన్ రేపు ఎవరో కొంటే ఆ స్క్రిప్టు మీ పేజీలో వాళ్లకి నచ్చింది నడిపిస్తుంది. లోగో మీద అభిమానముంటే బొమ్మగా దించి పెట్టుకోండి.

పాతటపా
ధన్యవాదాలండీ. ఒక్కటి మిగిలింది: 2013–14 టపాల్లో కొన్నిటికి వ్యాఖ్యలు సున్నా చూపిస్తోంది. అప్పట్లో బాగానే చర్చలు జరిగాయి.

గట్టుమీద
అప్పుడు గూగుల్ ప్లస్ (గూగుల్ పాత సోషల్ నెట్‌వర్క్) వ్యాఖ్యలు ఆన్ చేసి ఉంటారు. అవి బ్లాగులో కాదు, ప్లస్‌లో ఉండేవి. 2019లో ప్లస్‌తోపాటే చెరిపేశారు, ఎగుమతి ఫైల్లో వెతికి లాభం లేదు. వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు) ఆ టపా చిరునామా కొట్టి చూడండి, ఆ వ్యాఖ్యలు స్క్రిప్టుతో వచ్చేవి కాబట్టి దొరక్కపోవడానికే అవకాశమెక్కువ.