మూజువాణిలో ఉన్నది ‘వాణి’యేనా?

గోదారిగట్టు: చిన్నప్పట్నుంచీ రేడియో వార్తల్లో విన్న మాట, “సవరణలు వీగిపోగా బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది” అని. 2014 ఫిబ్రవరి 20 రాత్రి రాజ్యసభలో విభజన బిల్లు గట్టెక్కినప్పుడు మా హాస్టల్ టీవీ ముందు కూడా అందరి నోటా ఇదే మాట, ఏడ్చినవాళ్ళూ ఉన్నారు స్వీట్లు పంచినవాళ్ళూ ఉన్నారు. వాణి సరే, ఈ ‘మూజు’ ఏంటండీ? మూజుబాని అని ఎక్కడో చదివినట్టు లీలగా గుర్తు. బా నా, వా నా?

పాతసిరా: బా నే. ఉర్దూ ముహ్‌జుబానీ, అంటే నోటిమాటగా అని. ము పక్కన హ కారం పోయి దీర్ఘం వచ్చింది, మన నోట్లో బ కాస్తా వ అయింది, ఇక వాణి అని కనపడగానే ని కూడా ణి అయిపోయింది. సరస్వతికీ దీనికీ సంబంధం లేదు.

తెలుగుమేష్టారు: అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. నోరు, వాణి జంట మనకి కొత్తదా? నన్నయగారు మొదటి శ్లోకంలోనే “శ్రీవాణీ గిరిజాశ్చిరాయ దధతో వక్షో ముఖాంగేషు యే” అన్నారు, లక్ష్మి వక్షాన, వాణి ముఖాన, గిరిజ మేన. ముఖవాణి నుంచి ఎందుకు రాకూడదు? అసలు తెలుగు భారతానికి సంస్కృత శ్లోకంతో మొదలుపెట్టడంలో ఉన్న ధీమా ఉంది చూశారూ, ఆ ‘దధతో’ దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను.

పాతసిరా: శ్లోకం నాకూ ప్రాణమే మేష్టారూ. కానీ ముఖ లోని ఖ ‘జు’ ఎలా అవుతుంది? అది చెప్పండి ముందు.

నల్లమల: శబ్దం సంగతి సరే, అర్థం చూడండి. మా తాతగారు కరణం, ఆయన నోట మూజువాణి కౌలు అంటే కాగితం లేని కౌలు అని. ఓటు కూడా అంతే కదా! అధ్యక్షస్థానంలో ఉన్నాయన అవునన్నవాళ్ళు ఎక్కువా కాదన్నవాళ్ళు ఎక్కువా అని చెవితో తేల్చేస్తాడు, ఎవరు ఏమన్నారో పేర్లు ఎక్కడా ఉండవు. ఎవరైనా సవాలు చేసి డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టడం, అడిగితేనే లెక్క. 2020 సెప్టెంబర్ 20న సాగు బిల్లులప్పుడు రాజ్యసభలో గొడవంతా దాని మీదే, ప్రతిపక్షం డివిజన్ కావాలంది, అడిగినవాళ్ళు తమ సీట్లలో లేరని ఒప్పుకోలేదు, మూజువాణితో అయిపోయింది, మర్నాడు 8 మంది సస్పెండ్. రైతు సంగతి కాబట్టి నాకు ఇప్పటికీ బాధే, ఎవరు ఎటో రాసి ఉండాల్సింది.

గోదారిగట్టు: మరి మహిళా బిల్లుకి 214-0 అని అంకెలు వచ్చాయిగా?

నల్లమల: 2023ది రాజ్యాంగ సవరణ, హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతులు రావాలి, లెక్కపెట్టక తప్పదు. మామూలు బిల్లుకైనా అడిగితే పెడతారు, వక్ఫ్ సవరణ బిల్లు 2025లో తెల్లవారుజామున 128-95 అని తేలింది.

శుక్రవారం: మూజువాణిని మరీ తిట్టకండి, టైం కలిసొచ్చేది దాంతోనే. ప్రైవేటు సభ్యుల బిల్లులకి, అంటే మంత్రులు కానివాళ్ళు పెట్టే బిల్లులకి, రాజ్యసభలో దక్కేది శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు, అదీ వారం విడిచి వారం, మధ్యలో తీర్మానాల వంతు. 2015 ఏప్రిల్ 24న డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ గారి ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లు అలాంటి శుక్రవారమే, మూజువాణితోనే పాసైంది. ఆ రోజు సభంతా ఒక్క గొంతై అవునంది. అక్కడ మాత్రం అది వాణియే అంటాను నేను.

తెలుగుమేష్టారు: శభాష్! నేననేది అదే. పుట్టుక ఏదైనా జనం వాణి అని విన్నారు, వాణి అయింది.

పాతసిరా: అయింది అనడం వేరు, మొదట్నుంచీ అదే అనడం వేరు మేష్టారూ. నల్లమల గారూ, తాతగారి కాగితాల్లో ఈ మాట ఎక్కడైనా రాసి ఉందా?

నల్లమల: ఇప్పుడే అటక మీంచి ఒక కట్ట దింపాను. “మూజు” వరకు స్పష్టంగా ఉంది, చివర గుడి కూడా కనపడుతోంది, మధ్య అక్షరం మీద సరిగ్గా మడత పడి సిరా పాకింది. బా అనుకుంటే బా, వా అనుకుంటే వా. రేపు ఎండలో ఫోటో తీసి పెడతాను.