మిర్యాలగూడ రైస్ మిల్లు లెక్కలు క్లౌడ్‌లోకి: డేటాబేస్ విడిగా పెట్టాలా?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా, బిల్లింగ్ లెక్కలను ఆఫీసు సర్వర్ నుంచి అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి మారుస్తున్నాం. రీజియన్ (సర్వర్లు ఉండే చోటు) హైదరాబాద్ (2022 నవంబరులో మొదలైంది, ముంబై కంటే దగ్గర). అక్కడ అద్దెకు తీసుకున్న మెషిన్ టీ3 స్మాల్: 2 వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు), 2 జీబీ ర్యామ్. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ కూడా అందులోనే ఉంది.

వడ్ల లారీలు లైన్ కట్టినప్పుడే చిక్కంతా. ఈ మెషిన్‌లో ఒక్కో వీసీపీయూకి బేస్‌లైన్ (ఎప్పుడూ వాడుకోగల వాటా) 20 శాతమే. అది దాటితే, పని తక్కువున్నప్పుడు పోగైన క్రెడిట్లు కరుగుతాయి. అవి అయిపోతే అన్‌లిమిటెడ్ మోడ్‌లో అదనపు బిల్లు పడుతుంది, స్టాండర్డ్‌లో స్పీడు పడిపోతుంది. సీజన్‌లో పెద్ద మెషిన్, తర్వాత చిన్నది పెట్టుకోవచ్చనేదే మిల్లుకి క్లౌడ్‌తో అసలు లాభం. కానీ సైజు మార్చాలంటే మెషిన్ ఆపాలి, ఆపితే డేటాబేస్ కూడా ఆగుతుంది. అందుకే పోస్ట్‌గ్రెస్‌ను ఆర్‌డీఎస్‌కి (ఏడబ్ల్యూఎస్ విడిగా నడిపే డేటాబేస్ సర్వీసుకి) మార్చాలా? ఈ సైజు పనికి ఆ ఖర్చు తగునా?

ఇంకొకటి. నెట్ పోతే కాంటా కంప్యూటర్‌లోనే స్లిప్పు కొట్టి, లైన్ వచ్చాక పైకి పంపుతున్నాం. రెండు కాంటాల్లో ఒకే నంబరు పడితే రైతు పైసల లెక్క తారుమారవుతుంది. నంబరు ముందు కాంటా కోడ్ చేరిస్తే సరిపోతుందా, లేక యూయూఐడీ (ఎక్కడా రిపీట్ కాకుండా తయారయ్యే పొడవాటి ఐడీ) వాడాలా? ఇట్లాంటి సెటప్ నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.