బాండికూట్ అనే ఆంగ్ల పదానికి తెలుగే మూలమా?

ప్రశ్న:
ఆస్ట్రేలియా జంతువుల గురించి చదువుతుండగా ‘బాండికూట్’ అన్న పేరు కనిపించింది. ఇది మన ‘పందికొక్కు’ నుంచే వచ్చిందని ఒక మిత్రుడు చెప్పారు. నిజమైతే, మన మాట అంత దూరం ఎలా వెళ్ళింది?

మొదటి జవాబు:
నిజమేనండి. పంది, కొక్కు అన్న రెండు మాటలు కలిసిన పేరు అది. కొక్కు అంటే ఎలుక. బెదిరినప్పుడు పందిలా గురగురమనే, పొలాల గట్లలో బొరియలు తవ్వే ఈ పెద్ద ఎలుకను మన దేశంలో చూసిన ఆంగ్లేయులు దాని పేరును తమ నోటికి అనువుగా మార్చుకున్నారు. 1873లో శాస్త్రీయంగా ‘బాండికోటా’ అన్న ప్రజాతి నామం కూడా దానికి స్థిరపడింది.

రెండవ జవాబు:
పై వివరణకు ఒక చేర్పు. ఆస్ట్రేలియా చేరిన ఆంగ్లేయులు అక్కడి పొడుగుమూతి జంతువును పోలికను బట్టి అదే పేరుతో పిలిచారు గాని, ఆ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. అది కంగారూ వలె పిల్లలను సంచిలో పెంచే జీవి. ఆ సంచి వెనుకవైపుకు తెరుచుకుంటుంది కనుక, నేల తవ్వేటప్పుడు మట్టి లోపలికి చేరదు. ఈ అమరిక నన్నెంతో ఆకట్టుకుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. ఈ సాయంత్రమే మా పిల్లలకు నిఘంటువు తెరిచి ఆ మాట చూపిస్తాను.