కడప: ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే పిల్లలకు మార్కులెట్ల వేయాలి?

ప్రశ్న: ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే ఏడేళ్ల పిల్లలకు బొమ్మల కార్డులతో పదాల పరీక్ష పెడితే రెండు భాషల్లోనూ మార్కులు తక్కువే. వెనకబడ్డారని రాయాలా?

జవాబు 1: అట్ల రాయొద్దు. 1997లో రెండు భాషలు మాట్లాడేవాళ్ల మీద పరిశోధన చేసిన ఫ్రాన్స్వా గ్రోజాన్ చెప్పిన పరస్పర పూరక సూత్రం ఇదే: రెండు భాషలోళ్లు ఒక్కో పనికి, ఒక్కో మనిషితో ఒక్కో భాష వాడతారు. జల్లెడ, గరిటె ఉర్దూలో వస్తాయి, త్రిభుజం తెలుగులో. ఏ భాషలో పేరు చెప్పినా కార్డుకు ఒకటే మార్కు. 40 కార్డుల్లో ఉర్దూ 22, తెలుగు 24, రెండిట్లోనూ చెప్పినవి 12 అనుకోండి. 22+24−12, అంటే 34. ఇప్పుడు చెప్పండి, వెనకబడ్డారా?

జవాబు 2: పిల్లలు ఏ పనికి, ఎవరితో ఏ భాష వాడతారో తెలియాలంటే ముందు పట్టిక గీయండి. అడ్డంగా వంట, బజారు, లెక్కలు, నమాజు, తిట్లు (ఇవి మరవద్దు). నిలువుగా అమ్మ, నానీ (అమ్మమ్మ), టీచరు, ఆటలో జతగాళ్లు. గడికో భాష, కలిపి మాట్లాడితే రెండూ రాయండి. "ఏ భాష ఎక్కువ?" అని ఒక్క ముక్కలో అడిగితే గొప్పనుకునే భాష పేరే చెప్తారు.

జవాబు 3: ఎక్కాలు నేర్చిన భాషలోనే నోటికొస్తాయి. ఉర్దూలో తడబడితే ఉర్దూ రాదని కాదు. అనంతపురం జిల్లా రాయదుర్గం కన్నడ పిల్లలకూ అంతే. ఇంకోటి, రెండు పరీక్షలూ ఒకే మనిషి పెట్టొద్దు. తెలుగాయన ఎదుట ఉర్దూ మాట తెలిసినా మింగేస్తారు.