వెలుగు పన్నెండు గంటలకి మార్చి ఆరు వారాలైంది, చామంతి మొగ్గ తొడగట్లేదు

ఆకుపచ్చ_గది:
మూడు చామంతులు, ఒక కలంచో (దళసరి ఆకుల పూలమొక్క). ఖాళీగా ఉన్న చిన్న గదిలో ఎల్‌ఈడీ గ్రో లైట్ కింద పెంచుతున్నాను. కొమ్మలు నాటినప్పటి నుంచి రోజుకి 16 గంటలు వెలుగు ఇచ్చాను, రెండుసార్లు తలలు తుంచాను, గుబురుగా వచ్చాయి. చివరిసారి తుంచిన రెండు వారాలకి టైమర్ మార్చి పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా పెట్టాను. ఆరు వారాలైంది, మొగ్గ జాడ లేదు. ఆకులు మాత్రం నవనవలాడుతున్నాయి, అదే ఒళ్ళు మండుతోంది. గదికి పడమటి కిటికీ, పల్చటి కర్టెన్. సాయంత్రం అయితే తలుపు వేసేస్తాను, మళ్ళీ పొద్దున్నే తీయడం. పూల ఎరువు వేయాలా, వెలుగు 10 గంటలకి తగ్గించాలా?

మట్టి_చేతులు:
నత్రజని తగ్గించి పొటాష్ పెంచండి. నాకు గులాబీలకి బాగా పనిచేసింది.

చీకటి_కాపలా:
గులాబీ సంగతి వేరండీ, అది పగలు ఎంతసేపుందో పట్టించుకోదు. చామంతి, కలంచో షార్ట్ డే మొక్కలు, అంటే పగలు పొట్టిగా ఉన్నప్పుడు పూసేవి. పేరులో పగలుంది కానీ అవి లెక్కపెట్టేది రాత్రిని. ఆకులు చీకటిని కొలుస్తాయి, అది తెగకుండా చాలినంతసేపు సాగితేనే కొమ్మ చివరికి పూత కబురు పంపుతాయి. ఆ కబురు అందకుండా ఎన్ని ఎరువులు పోసినా ఆకులే వస్తాయి.

నా అనుభవం చెప్తే నవ్వుతారు. మొదటి కలంచోకి రోజూ 14 గంటల చీకటి ఇస్తున్నాననే అనుకున్నాను. కానీ ఆత్రం ఆగక రాత్రి పదకొండింటికి వెళ్ళి, ట్యూబ్‌లైట్ వేసి, మొగ్గల కోసం ఒక్కో కొమ్మా తిప్పి చూసేదాన్ని. పావుగంట. నెలన్నర అలా వెతికాను. నేను వెతకడం వల్లే అవి రాలేదు! నడిరాత్రి వెలుగు పడితే మొక్క దాన్ని రెండు చిన్న రాత్రులుగా లెక్కేసుకుంటుంది. చామంతి తోటల వాళ్ళు పూత ఆపాలంటే చేసేదీ ఇదే, అర్ధరాత్రి కొన్ని గంటలు 100 లక్స్ పాటి గుడ్డి దీపాలు వెలిగిస్తారు.

మీరు రాత్రి లోపలికి వెళ్ళట్లేదు కాబట్టి అనుమానం వేరేచోట. టైమర్ పళ్ళచక్రం తిరిగేదా, అంకెలు కనిపించేదా? మధ్యలో కరెంటు పోయిందా?

ఆకుపచ్చ_గది:
చక్రం తిరిగేదే. కరెంటు మొదటి వారంలోనే రెండుసార్లు పోయింది. మీరు అడిగాక వెళ్ళి చూశాను. గోడ గడియారం 9:00, టైమర్ చక్రం మీద 6:25!! లైటు అప్పుడే వెలిగినట్టుంది.

చీకటి_కాపలా:
దొరికింది దొంగ. ఆ చక్రం కరెంటుతోనే తిరుగుతుంది. కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి, వచ్చాక ఆగినచోటి నుంచే మొదలవుతుంది. అంటే మీ లైటు ఎనిమిదిన్నర దాటాక వెలిగి, రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఆరుతోంది. అది ఇస్తున్నది 12 గంటలే, కానీ కిటికీ ఆరింటికే తెల్లవారుస్తోంది కదా. రెండూ కలిపితే పద్నాలుగున్నర గంటల పగలు. తలుపు వేసి ఉండటంతో మీకు కనపడలేదు.

చక్రాన్ని సరిచేయండి, మళ్ళీ కరెంటు పోయినప్పుడల్లా చూసుకోండి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ అయితే ఈ బాధ ఉండదు. కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టండి. గదిలో నిలబడి పది నిమిషాలు కళ్ళు అలవాటు పడనివ్వండి, అప్పటికీ మీ చేతివేళ్ళు కనిపిస్తుంటే ఎక్కడో సందుంది. గదంతా మూయడం కష్టమైతే కలంచో మీద సాయంత్రం ఐదుకి అట్టపెట్టె బోర్లించి పొద్దున ఏడుకి తీయండి. దానికి 14 గంటలు పక్కా.

ఆకుపచ్చ_గది:
అయితే ఈ ఆరు వారాలూ గంగలో కలిసినట్టేనా? మొగ్గ కనిపించాక మళ్ళీ 16 గంటలు ఇవ్వచ్చా?

చీకటి_కాపలా:
కలిసినట్టే, ఇవాళ్టి నుంచి లెక్క మళ్ళీ మొదలు. కలంచోకి ఆరు వారాలు చీకటి పట్టి, మొగ్గలు స్పష్టంగా కనిపించాక మామూలు వెలుగులో పెట్టేయచ్చు. చామంతిని తొందరపెట్టకండి, మొగ్గలో రంగు తొంగిచూసేదాకా 12 గంటలు దాటనివ్వద్దు. ఇంకోటి, నల్లగుడ్డ వెనక గది ఉక్కపోస్తే చామంతి మొగ్గ ఆలస్యమవుతుంది, చీకటి పడ్డాక కిటికీ కాస్త తీయండి. వీధి దీపం పడకపోతేనే సుమా.

మట్టి_చేతులు:
నా టైమరూ చక్రానిదే. చూసొచ్చాను, నలభై నిమిషాలు వెనక ఉంది.