సీయూఈటీ పీజీ ఇంగ్లీష్: ప్యాసేజ్ అర్థమవుతోంది, ఆన్సర్ మాత్రం తప్పు పడుతోంది. ఎలా ప్రాక్టీస్ చేయాలి?

సూళ్లూరుపేట_లోకల్:

అందరికీ నమస్తే అండి. నేను చెన్నైలో బీఏ ఇంగ్లీష్ ఫైనల్ ఇయర్, రోజూ సూళ్లూరుపేట నుంచి లోకల్‌లో వచ్చి పోతాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. సీయూఈటీ పీజీ (సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ సీట్ల ఎంట్రన్స్) రాస్తున్నా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చేయాలని చాలా కోరిక, పాండిచ్చేరి వచ్చినా సంతోషమే. లిటరరీ టర్మ్స్, ఎవరు ఏ కాలం వాళ్లు లాంటివి కూర్చుని చదివితే వచ్చేస్తున్నాయి, కాంప్రహెన్షన్ ఒక్కటే లొంగట్లేదు. వొకాబులరీ తక్కువేమో అనుకుని రెండు నెలలు రోజుకి 20 పదాలు బట్టీ పట్టా, మార్కులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

నిన్నటి సంగతి చెప్తా. గుమ్మిడిపూండి దాటాక ఒక ప్యాసేజ్ మొదలుపెట్టి మీంజూరు వచ్చేసరికి ఐదు ప్రశ్నలూ పూర్తి చేశా, తెలియని పదం ఒక్కటి కూడా లేదు. పాతకాలంలో ఒక జిల్లాకి రైలు రావడం గురించి. మొదటి వాక్యమే 'ది రైల్వే, వి ఆర్ టోల్డ్, బ్రాట్ ప్రాస్పెరిటీ' అని ఉంది. తర్వాత ధాన్యం మూటలు వ్యాగన్లు ఎక్కి పోవడం, ఊరి సంత పలచబడటం. రచయిత వైఖరి ఏంటి అని ప్రశ్న. రైలు వల్ల బాగుపడ్డారని రాసే ఉంది కదా అని 'అడ్మైరింగ్' పెట్టా. ఆన్సర్ కీలో 'స్కెప్టికల్', అంటే అనుమానంగా చూస్తున్నాడు అని ఉంది. మొత్తం ఐదులో రెండే కరెక్ట్. చెన్నై సెంట్రల్ స్టేషన్ దాకా అదే ఆలోచన, ఎక్కడ తప్పు చదివానో దొరకలేదు.

రోజుకి ఎన్ని ప్యాసేజ్‌లు చేయాలి, హిందూ ఎడిటోరియల్ చదివితే సరిపోతుందా? ఇంకోటి, నెగెటివ్ మార్కులకి భయపడి మొన్న మాక్ టెస్ట్‌లో 14 ప్రశ్నలు వదిలేశా, అది మంచి పనేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పెరంబూరు_అక్క:

తమ్ముడూ, నేను కూడా ఇదే పరీక్ష రాసి ఎంఏ చేశాను, నాక్కూడా మొదట్లో అచ్చం ఇలాగే అయ్యేది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు తప్పు చదివింది 'వి ఆర్ టోల్డ్' దగ్గర. దాన్ని నువ్వు దాటుకుని వెళ్లిపోయావు, ఎందుకంటే ఆ మూడు పదాల్లో కష్టమైన పదం లేదు. కానీ వాక్యం బరువంతా అక్కడే ఉంది. మా పెరంబూరులో మా అమ్మమ్మ పక్కింటి పెళ్లి గురించి చెప్తూ 'యాభై సవర్ల బంగారం పెట్టారట' అంటే, ఆ చివరి 'ట' వినగానే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది, ఆవిడ కళ్లారా చూడలేదు, మాట తనది కాదు, బహుశా నమ్మట్లేదు కూడా అని. 'పెట్టారు' అంటే ఒకటి, 'పెట్టారట' అంటే ఇంకొకటి. 'వి ఆర్ టోల్డ్' అంటే ఆ 'ట'నే. రైలు వల్ల జిల్లా బాగుపడిందట. అట అనేసి తర్వాత వాక్యంలో మూటలు బయటికి పోవడం, సంత పలచబడటం చూపించాడంటే ఇక ఆయన మెచ్చుకుంటున్నాడా చెప్పు?

తెలుగు మీడియం అని నువ్వు దాన్నేదో లోటులా రాశావు, అది నాకు బాధనిపించింది. మనిషి మాటలో గొంతు పట్టుకోవడం నీకు చిన్నప్పటి నుంచి వచ్చు. 'వచ్చాడు', 'వచ్చాడట', 'వచ్చాడుగా', 'వచ్చాడులే' ఈ నాలుగింటికీ తేడా నీకు ఎవరూ నేర్పలేదు, వింటే తెలిసిపోతుంది. ఇంగ్లీష్‌లో ఆ పని ప్రత్యయాలు చేయవు, చిన్న చిన్న పదాలు చేస్తాయి, అంతే. సపోజ్డ్‌లీ, మియర్‌లీ, హార్డ్‌లీ, యెట్, సో కాల్డ్, నో డౌట్ లాంటివి. 'నో డౌట్' అని మొదలుపెట్టాడంటే చాలాసార్లు కొంచెం ఆగి 'బట్' అంటాడు, అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. రోజుకి 20 పెద్ద పదాలు ఆపేసి, ఒక వారం ఈ చిన్న పదాలు మాత్రమే పెన్సిల్‌తో చుట్టి చూడు.

ఇక ప్రాక్టీస్ సంగతి. రోజుకి రెండు ప్యాసేజ్‌లు చాలు, కానీ ఒక్కోదాని మీద అరగంట పెట్టు. నేను ఏం చేసేదాన్నంటే, నోట్‌బుక్‌లో కరెక్ట్ ఆన్సర్ ఎందుకు కరెక్టో రాయడం మానేసి, మిగతా మూడు ఎందుకు తప్పో రాసేదాన్ని, అది కూడా ప్యాసేజ్‌లోని ఏ మాట దాన్ని తప్పు చేస్తుందో చూపించి. నెల తిరిగేసరికి నా తప్పులన్నీ దాదాపు ఒకే చోట ఉన్నాయని బయటపడింది, ప్యాసేజ్‌లో లేనిది, కానీ లోకంలో నిజమైనది, దాన్ని పట్టుకుని పెట్టేస్తున్నాను. ఒకసారి బడి మానేసిన ఆడపిల్ల గురించి ప్యాసేజ్ వస్తే, చదువు లేకపోతే జీవితం పోతుంది అనే ఆప్షన్ పెట్టేశా, అది నా అభిప్రాయం, రచయిత ఆ మాట ఎక్కడా అనలేదు, ఆ పిల్ల వేసిన ముగ్గు గురించి మాత్రమే రాశాడు. అప్పట్నుంచి ప్రతి ఆప్షన్ పక్కనా 'ఇది ఎవరి మాట' అని రాసుకోవడం మొదలుపెట్టా.

టీనగర్_మాస్టారు:

పైన అమ్మాయి చెప్పింది చాలా బాగుంది. నేను పిల్లలకి ఈ పరీక్షకి చెప్తుంటాను, అంకెల వరకు నేను చెప్తా.

75 ప్రశ్నలు, 300 మార్కులు, రైట్‌కి 4, తప్పుకి మైనస్ 1, వదిలేస్తే సున్నా. 2024లో 105 నిమిషాలు ఇచ్చారు, 2025 నుంచి 90 చేశారు, కాబట్టి నెట్‌లో పాత పోస్టుల్లో ఉన్న టైమ్ నమ్మకు నాయనా, నువ్వు రాసే ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్ తెరిచి చూసుకో. 90 నిమిషాలంటే ప్రశ్నకి 72 సెకన్లు, ఐదు ప్రశ్నల ప్యాసేజ్‌కి చదవడంతో కలిపి 6 నిమిషాలు. టర్మ్స్ ప్రశ్నలు నీకు అరనిమిషంలో అయిపోతాయి కాబట్టి ఆ మిగిలిన టైమ్ ప్యాసేజ్‌కి వాడుకో, భయం లేదు.

14 వదిలేయడం మాత్రం తప్పే. లెక్క చూడు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టినా సగటున పావు మార్కు ప్లస్సే, మైనస్ కాదు. తప్పు ఆప్షన్ ఒకటి కొట్టేయగలిగితే సగటున మూడింట రెండు వంతుల మార్కు, రెండు కొట్టేయగలిగితే ఒకటిన్నర. ఆ 14లోనూ రెండేసి కొట్టేయగలిగి ఉంటే సగటున 21 మార్కులు, అవి వదులుకున్నావు. సీటు రావడం, రాకపోవడం అంతకంటే తక్కువ తేడాలో తేలిపోవడం నేను చూశాను.

ఇంకో మాట, పరీక్ష కంప్యూటర్ మీద. పెన్సిల్‌తో చుట్టడం ఇప్పుడు బాగుంటుంది కానీ చివరి నెల మాత్రం స్క్రీన్ మీదే చదువు, రఫ్ షీట్ మీద పేరాకి నాలుగు మాటలు రాసుకోవడం అలవాటు చేసుకో. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో అడుగు. ఫోన్‌లో చదివితే అదే అలవాటు రాదు.

వేళచ్చేరి_బ్యాచ్:

అక్క చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకోలేను. తెలుగులోకి మార్చుకుంటూ చదివితే 72 సెకన్లలో ఎలా అవుతుంది అక్కా? నేను అదే అలవాటు వల్ల మొదటిసారి పోగొట్టుకున్నా, 11 ప్రశ్నలు చూడకుండానే టైమ్ అయిపోయింది. ఇంగ్లీష్‌లోనే ఆలోచించాలి అని నా అభిప్రాయం. ఎడిటోరియల్ కూడా రోజూ చదవాలి, నాకు స్పీడ్ దాంతోనే వచ్చింది.

ఇంకా ముఖ్యమైంది తమ్ముడూ, ప్యాసేజ్‌లు ఎక్కడివి చేస్తున్నావో చూసుకో. నేను ఒక కోచింగ్ వాళ్ల మెటీరియల్ కొన్నాను, పేరు వద్దులే, కీలో చాలా తప్పులు. ఆ కీయే కరెక్ట్ అనుకుని నా ఆన్సర్లు మార్చుకుంటూ మూడు వారాలు పోయాయి, చివరికి మా కాలేజీ మేడమ్‌కి చూపిస్తే 'నీ ఆన్సరే కరెక్ట్ రా' అన్నారు. ఏడుపొచ్చింది నిజంగా, పోయిన డబ్బుల కోసం కాదు, నా చదువు మీద నాకే నమ్మకం పోయినందుకు. ఈ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సైట్లో పాత పేపర్లు ఉంటాయి, అవి తీసుకో. అసలు పరీక్షకే ప్రొవిజనల్ కీ మీద అభ్యంతరం ఉంటే ప్రశ్నకి 200 కట్టి ఛాలెంజ్ చేయొచ్చు, అంటే పరీక్ష పెట్టేవాళ్లే కీ తప్పు కావచ్చు అని ఒప్పుకుంటున్నారు, మనం కొన్న పుస్తకం ఎంత?

పెరంబూరు_అక్క:

కోచింగ్ కీ గురించి నువ్వు చెప్పింది నిజం, అందుకే నేను తప్పు ఆప్షన్‌కి కారణం రాయమంటాను, రాస్తే కీ తప్పో మనం తప్పో తెలిసిపోతుంది.

తెలుగులోకి మార్చమని నేను అనలేదు. వాక్యం మొత్తం మార్చితే నువ్వన్నట్టు టైమ్ చాలదు. గొంతు ఒక్కటి తెలుగు చెవితో వినమన్నా, అది కూడా ప్రాక్టీస్‌లో. రెండు నెలలకి 'వి ఆర్ టోల్డ్' కనపడగానే అదే వినపడుతుంది, మధ్యలో తెలుగు అక్కర్లేదు.

ఎడిటోరియల్ చదవడం మంచిదే, కానీ అదొక్కటే అయితే చాలదు, ఎందుకంటే ఎడిటోరియల్ తన అభిప్రాయం నేరుగా చెప్పేస్తుంది. మన పేపర్లో పాత వ్యాసాలు వస్తాయి, కథ ముక్కలు, విమర్శ, కవిత్వం వస్తాయి, అక్కడ మనిషి నేరుగా మాట్లాడడు. పాత ఇంగ్లీష్ వ్యాసాలు నెట్‌లో ఫ్రీగానే దొరుకుతాయి, రోజూ రెండు పేజీలు గట్టిగా పైకి చదువు. రైల్లో కుదరకపోతే శనివారం కొట్టూరుపురం అన్నా సెంటినరీ లైబ్రరీకి వెళ్లి కూర్చో, సొంత పుస్తకాలు చదువుకోవడానికి అక్కడ వేరే హాలు ఉంది, నేను పరీక్షకి ముందు చాలా రోజులు అక్కడే గడిపా.

కవిత వస్తే మాత్రం అర్థం కోసం పరిగెత్తకు. ముందు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు అని చూడు, తర్వాత మాట ఎక్కడ మలుపు తిరిగిందో వెతుకు. మన ఆటవెలదుల్లో చాలాసార్లు రెండు పాదాలు పోలిక చెప్పి మూడో పాదంలో అసలు మాట పడుతుంది కదా, అలాగే సానెట్‌లో, అంటే 14 లైన్ల కవితలో కూడా ఉంటుంది, ఇటాలియన్ పద్ధతిలో అయితే సాధారణంగా 8వ లైన్ అయ్యాక, ఇంగ్లీష్ పద్ధతిలో అయితే చాలాసార్లు చివరి రెండు లైన్ల ముందు. అక్కడ 'బట్', 'యెట్' ఉన్నాయేమో చూడు. ప్రశ్న దాదాపు ఆ మలుపు దగ్గరే ఉంటుంది.

సూళ్లూరుపేట_లోకల్:

అక్కా, అన్నా, మాస్టారూ, అందరికీ చాలా థ్యాంక్స్. ఆ రైలు ప్యాసేజ్ మళ్లీ తీసి చిన్న పదాలు చుట్టా, మొత్తం తొమ్మిది ఉన్నాయి, మొదటిసారి ఒక్కటి కూడా చూడలేదు. నేను తప్పు పెట్టిన మూడింటిలో రెండు ఆ పదాల దగ్గరే ఉన్నాయి, మూడోది రైలు వల్ల ఉద్యోగాలు వచ్చాయి అనే ఆప్షన్, ప్యాసేజ్‌లో ఉద్యోగాల మాటే లేదు, మా మామ రైల్వేలో చేస్తాడు కాబట్టి నాకు నిజమనిపించింది.

ఈరోజు పొద్దున ఎన్‌టీఏ పేపర్లోంచి కొత్తది చేశా, ఐదుకి నాలుగు. పోయిన ఒక్కటి ఇది, ఒక కవి గురించి చెప్తూ 'హిజ్ లేటర్ వర్క్ ఈజ్ నాట్ విదౌట్ మెరిట్' అన్నాడు. నేను 'గొప్పగా పొగుడుతున్నాడు' పెట్టా, కీలో 'కొంతవరకు మెచ్చుకుంటున్నాడు' అని ఉంది. కారణం రాయబోతే రాలేదు. రెండు 'కాదు'లు కలిస్తే 'అవును' కదా అక్కా?

పెరంబూరు_అక్క:

'ఆయన కవిత్వంలో బాగున్నవి లేకపోలేదు' అని ఎవరైనా అంటే, అది పొగడ్తలా వినపడుతుందా నీకు?

సూళ్లూరుపేట_లోకల్:

లేదక్కా. ఏవో ఒకటి రెండు ఉన్నాయి అన్నట్టుంది. రాసేసుకున్నా.