తొలి ఎయిర్ మెయిల్ పైలట్లను చంపింది విమానాలా, ఆర్డర్లా?

తపాలాప్రియ:
1918 మే 15న అమెరికాలో వాషింగ్టన్–న్యూయార్క్ ఎయిర్ మెయిల్ మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో పైలట్లు వరసగా చనిపోయారు. తప్పంతా డీహెచ్-4దే అంటాను. యుద్ధం కోసం తయారైన విమానం అది. పైలట్‌కి ముందు లిబర్టీ ఇంజిన్, వెనకే పెట్రోలు ట్యాంకు. ముక్కు నేలకి గుద్దుకుంటే మనిషి మధ్యలో నలిగిపోయేవాడు, ఆపైన మంటలు.

కృష్ణాతీరం:
ట్యాంకు సంగతి నిజమేనండీ. కానీ తపాలా శాఖ దాన్ని సరిచేసింది. పైలట్‌ని వెనక సీటుకి మార్చి, అతని చోట ఉత్తరాల సంచులు పెట్టారు. బోర్లా పడకుండా చక్రాలు కాస్త ముందుకి జరిపారు. విమానాన్ని బాగు చేసుకోవచ్చు, పొగమంచుని ఏం చేస్తాం? మేఘంలో రెక్కలు సమంగా ఉన్నాయో వాలాయో చెప్పే పరికరం లేదు. రేడియో లేదు. కిందకి దిగి రైలు పట్టాలు చూసుకుంటూ పోవాలి. అలెగనీ కొండల్లో అలా దిగితే ఎదురుగా చెట్లే.

అలాంటి రోజుల్లోనూ బయల్దేరాల్సిందేనని వాషింగ్టన్‌లో కూర్చుని పట్టుబట్టింది తపాలా అధికారి ఆటో ప్రేగర్. 1919 జులైలో న్యూయార్క్ దగ్గర విమానాలు దిగే బెల్మాంట్ పార్కులో పొగమంచు చూసి ఇద్దరు పైలట్లు కుదరదన్నారు. వాళ్ల ఉద్యోగాలు పీకేశాడు. మిగతావాళ్లు సమ్మెకి దిగారు. రాజీ షరతు ఏంటో చూడండి: వాతావరణం మీద పేచీ వస్తే ఫీల్డు (విమానాల మైదానం) మేనేజరే ముందు ఎగిరి చూపించాలి. ఆయనకి నడపడం రాకపోతే సంచులు పెట్టే గుంటలో కూర్చుని పైలట్‌తో పాటు పైకి వెళ్లాలి! తప్పు విమానానిదే అయితే పైలట్లు కొత్త విమానాలు అడిగేవాళ్లు కదా.

ఆకాశదీపం:
ప్రేగర్‌ని మరీ దోషిని చేయకండి. ఆయన మొండిపట్టు లేకపోతే సర్వీసే మూతపడేది. 1921 ఫిబ్రవరిలో, ప్రభుత్వం మారబోతుండగా, రాత్రి కూడా ఎగిరి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కి 33 గంటల 20 నిమిషాల్లో టపా చేర్చారు. నార్త్ ప్లాట్ నుంచి షికాగో దాకా జాక్ నైట్ చీకట్లో, చలిలో, కింద ఊళ్లవాళ్లు వేసిన మంటల ఆనవాలుతో నడిపాడు. అది చూశాకే కాంగ్రెస్ నిధులిచ్చింది.

కృష్ణాతీరం:
జాక్ నైట్‌కి నేనూ దండం పెడతాను. కానీ అదే ప్రయత్నంలో నెవాడాలోని ఎల్కోలో లూయిస్ అనే పైలట్ కూలి చనిపోయాడు. దారి పొడుగునా తిరిగే దీపాలు పెట్టడం 1923లో గానీ మొదలవలేదు. ఆ దీపాలు ముందు పెట్టి, రాత్రి ఎగరమని తర్వాత చెప్పి ఉండొచ్చు కదండీ?